అర్హత ఎక్కడ మొదలవుతుంది? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దళిత యువత – పోటీ పరీక్షలు

సర్కారు కొలువుకు నోటిఫికేషన్ పడిందంటే తరతరాలుగా చదువుకున్న ఇంట్లో మొదటి ప్రశ్న "సిలబస్ ఏంది?" అని. దళితవాడలో మొదటి ప్రశ్న "ఇది మనకు పడుతదా?" అని. ఈ రెండు ప్రశ్నల నడుమ ఉన్న దూరమే ఈ వ్యాసం విషయం. రిజర్వేషన్ల మీద ఇన్నేండ్లుగా నడుస్తున్న చర్చ అంతా మార్కుల చుట్టే తిరుగుతున్నది. ఎవరికెన్ని మార్కులకు సీటొచ్చింది, ఎవరికెన్ని మార్కులకు కొలువొచ్చింది అనేదే ప్రతిభావాదులకు కావలసిన లెక్క. కానీ పాత కరీంనగర్ జిల్లాలోని ఈ మూడు తావుల్లో మేము చూసినంతవరకు దళిత యువకులు పోటీలో ఓడిపోతున్నది ఒక్క పరీక్ష హాలులోనే కాదు. హాలు దాకా రాకముందే కొందరు పోతున్నారు, అన్నీ గెలిచినంక చివరి కాగితం కాడ కొందరు పోతున్నారు. రిజర్వేషన్ పనిచేసేది ఈ రెండింటి నడుమ ఉన్న కొంత జాగాలోనే.

జగిత్యాల, కోరుట్ల అంటే బీడీలు, గల్ఫ్ వలసలు. సిరిసిల్ల అంటే మరమగ్గాలు. మగ్గాలు ప్రధానంగా పద్మశాలీల వృత్తి. మాల, మాదిగ, నేతకాని వాడలకు మిగిలింది కూలి, హమాలీ, బీడీలు, బొంబాయి, దుబాయి. 1977-78లో దొరల వెట్టికి ఎదురుతిరిగిన కూలి జనం ఇక్కడివాళ్లే. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఈ చరిత్రకూ కొలువులకూ ఏం సంబంధం అనుకోవచ్చు. సంబంధం ఉన్నది, చివరలో చెప్తాం.

ముందు వయసు సంగతి. మా తరంలో బడికి పోయినవాళ్లకు పుట్టిన తేదీ ఇచ్చింది తల్లిదండ్రులు కాదు, హెడ్మాస్టరు. "ఏం రా, పోరనికి ఎన్నేండ్లు?" అని సారు అడిగితే "కరువొచ్చిన యేడు పుట్టిండు సారూ" అని తండ్రి చెప్పేది. సారు పోరన్ని ఎగాదిగా చూసి, జూన్ నెలలో ఒక తేదీ వేసేది. దళితవాడలో సగం మందికి పుట్టినరోజు జూన్లోనే ఎందుకొస్తదో తెలియాలంటే జ్యోతిష్యం అక్కరలేదు, అడ్మిషన్ రిజిస్టరు చూస్తే చాలు. ఒకటో తరగతికి వయసు చాలదని ఒక ఏడో రెండేండ్లో ఎక్కువ వేసిన సందర్భాలు తక్కువేం కాదు. పదో తరగతి మెమోలో ఏది పడితే అదే జన్మాంతం నిలుస్తది. కేంద్ర కొలువులన్నింటికీ ఆ మెమోయే రుజువు.

ఈ రెండేండ్ల తప్పును సివిల్ కొలువుల్లో ఎస్సీలకున్న సడలింపు కొంత మింగుతది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నడిపే జి.డి. కానిస్టేబుల్ పరీక్షకు 18 నుంచి 23 ఏండ్లు. ఎస్సీ, ఎస్టీలకు అయిదేండ్లు కలిపి 28. సివిల్ సర్వీసెస్‌కు జనరల్ వాళ్లకు 32 ఏండ్లు, ఆరు ప్రయత్నాలు. ఎస్సీలకు 37 ఏండ్లు, ఆ లోపల ఎన్నిసార్లయినా రాయవచ్చు. సైన్యంలో మాత్రం ఈ సడలింపు లేదు. నేషనల్ డిఫెన్స్ అకాడమీకి పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర, అంతే. అగ్నిపథ్ 2022 జూన్‌లో వచ్చినప్పుడు పదిహేడున్నర నుంచి 21 అన్నారు, గొడవలయినంక ఆ ఒక్క ఏడాదికి 23 చేసిన్రు. ఇసొంటి ఇరుకు సందులో హెడ్మాస్టరు వేసిన రెండేండ్లు అంటే సగం అవకాశం పోయినట్టే. పిల్లలు ఇంకా బడిలో ఉన్నవాళ్లు చేయాల్సింది ఒకటే: పదో తరగతి నామినల్ రోల్స్ పోకముందే జనన ధ్రువపత్రం పట్టుకపోయి తేదీ, ఇంటిపేరు, తండ్రి పేరు అక్షరాలు సరిచేయించుకోవాలె. ఆ తర్వాత సవరణ అంటే ఏండ్లకేండ్లు తిరుగుడు.

రెండోది స్థానికత. చాలామంది చదువుకున్నవాళ్లకు కూడా దీని లెక్క తెలువదు. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల జాగాలో తెలంగాణకు 2018లో కొత్త ఉత్తర్వులు వచ్చినయి. వాటి ప్రకారం రాష్ట్ర కొలువుల్లో 95 శాతం స్థానికులకే. స్థానికుడంటే ఆ ఊర్లో ఇల్లున్నవాడు కాదు, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ ఏండ్లు ఆ జిల్లాలో చదివినవాడు. ఇక్కడే చిక్కున్నది. 2016 అక్టోబర్ 11న కరీంనగర్ జిల్లా ముక్కలయింది. ఒకప్పుడు ఒకే జిల్లాగా, ఒకే జోన్‌గా ఉన్న ఈ మూడు పట్టణాల్లో జగిత్యాల, కోరుట్ల ఇప్పుడు బాసర జోన్ కింద నిజామాబాద్, నిర్మల్, ఆదిలాబాద్‌లతో ఉన్నయి. సిరిసిల్ల రాజన్న జోన్ కింద కరీంనగర్, సిద్దిపేట, మెదక్, కామారెడ్డిలతో ఉన్నది. కథలాపూర్ పిలగాడు ఇంటికాడ మూడేండ్లు చదివి, మిగతా నాలుగేండ్లు వేములవాడల మేనమామ ఇంట్ల ఉండి చదివిండనుకుందాం. ఆ నాడు అది ఒకే జిల్లా. నేడు కాగితం మీద ఆయన సిరిసిల్ల జిల్లావాడు. ఓటు జగిత్యాల జిల్లాలో ఉన్నా, అవ్వ అయ్య అక్కడే ఉన్నా, జిల్లా స్థాయి కానిస్టేబుల్ కొలువుకు జగిత్యాలలో ఆయన పరాయివాడు.

గురుకులంలో చదివిన పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఊకెనే భయపడుతుంటారు. గురుకులాలు అయిదో తరగతి నుంచి మొదలవుతయి. ఇంటికాడ నాలుగేండ్లు, గురుకులంలో ఏడో తరగతి దాకా మూడేండ్లు. నాలుగే ఎక్కువ. కాబట్టి ఏ జిల్లా గురుకులానికి పంపినా సొంత జిల్లా పోదు. అసలు దెబ్బ తగిలేది వలసపోయిన వాళ్ల పిల్లలకు. బొంబాయిలో, భివండిలో మరాఠీ, హిందీ బడుల్లో నాలుగేండ్లు చదివి, తండ్రికి పని దొరకక తిరిగొచ్చిన పిల్లలు ఆ 95 శాతంలోంచి బయటపడుతున్నరు. మిగిలిన అయిదు శాతంలో మొత్తం రాష్ట్రంతో, బయటివాళ్లతో కొట్లాడాలె. భూమి లేనివాడే వలసపోతడు, భూమి లేనివాళ్లలో దళితులే ఎక్కువ. స్థానికులను కాపాడటానికి తెచ్చిన నియమం స్థానికుల్లో అడుగునున్న వాళ్లను బయటికి నెడుతుంటే, దాని గురించి మాట్లాడిన పార్టీ మాకు కనపడలేదు. కనీసం మూతపడ్డ బడి రికార్డు ఏ మండల విద్యాధికారి దగ్గర ఉన్నదో తెలుసుకొని, ఏడు తరగతుల బోనఫైడ్‌లు ఇప్పుడే తీసిపెట్టుకోవాలె. నోటిఫికేషన్ పడ్డంక తిరిగితే రోజులు చాలవు.

మూడోది కులం కాగితం. వర్గీకరణ మీద ఇక్కడ వాదానికి దిగడం మా ఉద్దేశం కాదు, జరిగింది చెప్తాం. 1997లో ఎ, బి, సి, డి లుగా విడగొట్టిన్రు. 2004 నవంబర్‌లో సుప్రీంకోర్టు చిన్నయ్య కేసులో కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చేయొచ్చన్నది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ చట్టం అమల్లోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి 15 శాతాన్ని 1, 9, 5 గా పంచిన్రు. రాష్ట్ర కొలువుకు ఏ గ్రూపో తేలాలె. కేంద్ర కొలువుల్లో ఈ గ్రూపులు లేవు, ఎస్సీ అంటే ఎస్సీయే. అందుకే మీసేవలో తెచ్చిన రాష్ట్ర కాగితమే కేంద్రానికీ పనికొస్తదనుకోవద్దు. కేంద్రం తన నోటిఫికేషన్ వెనక ఒక నమూనా ఇస్తది, తాసిల్దారు సంతకం ఆ నమూనా మీద ఉండాలె. ఇంకో మాట. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ దళితులే ఎస్సీలు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చిన్రు. క్రైస్తవులు రాష్ట్రంలో బి.సి.-సి కిందికి పోతరు, వాళ్లకు ఒక్క శాతం. ఆదివారం చర్చికి పోతరన్న ఒక్క ఫిర్యాదు చాలు, కొలువొచ్చినంక కూడా విచారణ మొదలు కావడానికి.

చదువు అర్హతలో మాత్రం మనవాళ్లు తెలియక వదులుకుంటున్న హక్కు ఒకటున్నది. రాష్ట్ర పోలీసు నియామక మండలి కానిస్టేబుల్ కొలువుకు ఇంటర్ పాస్ కావాలన్నది. ఎస్సీ, ఎస్టీలకు అది కాదు. పదో తరగతి పాసై, ఇంటర్ చదివి, రెండేండ్ల పరీక్షలూ రాసి ఉంటే చాలు, ఫెయిలయినా సరే. 2015, 2018, 2022 నోటిఫికేషన్లలో ఈ మాట స్పష్టంగా ఉన్నది. అయినా "ఇంటర్ ఫెయిల్, నాకు పడదు" అని దుబాయి వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరిగే పోరగాండ్లు కోరుట్లలో ఎందరో. ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టే పైసలకంటే నోటిఫికేషన్ మొత్తం చదివి చెప్పే మనిషి వాడకొకరు ఉండుడు చవక.

ఇగ సైన్యం. దళిత యువకుల్లో చాలామంది మిలటరీలో కూడా రిజర్వేషన్ ఉన్నదనుకుంటరు. లేదు. అగ్నివీర్‌లో లేదు, ఎన్.డి.ఎ.లో లేదు, సి.డి.ఎస్.లో లేదు. ఎస్సీ అయినందుకు యు.పి.ఎస్.సి. ఫీజు మాఫీ ఉంటది, అంతే. సి.ఆర్.పి.ఎఫ్., బి.ఎస్.ఎఫ్., సి.ఐ.ఎస్.ఎఫ్. వేరు. అవి హోం శాఖ కింది కేంద్ర సాయుధ బలగాలు, వాటిలో రిజర్వేషన్ ఉన్నది. డ్రెస్సు చూసి రెండూ ఒకటే అనుకోవడం వల్ల తప్పుడు లెక్కలు వేసుకుంటున్నరు.

సైన్యంలో కులం లేదు కాబట్టి రిజర్వేషన్ లేదు అని ప్రభుత్వం చెప్పే మాట. చరిత్ర ఇంకో మాట చెప్తది. ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో మహర్లు, మద్రాసు సైన్యంలో పరయలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. యుద్ధజాతుల సిద్ధాంతం వచ్చి, పంతొమ్మిదో శతాబ్దం చివరికల్లా వాళ్లకు తలుపు మూసిన్రు. 1894లో గోపాల్ బాబా వలంగ్కర్ అనే మాజీ మహర్ సైనికుడు దాని మీద అర్జీ రాశాడు. అంబేడ్కర్ తండ్రి రామ్జీ సుబేదారు. సైన్యం తన సిపాయిలకూ వాళ్ల పిల్లలకూ చదువు చెప్పించింది కాబట్టే ఆ ఇంట్లోకి అక్షరం వచ్చింది. తలుపు మూసిందంటే కొలువు ఒక్కటే కాదు, బడి కూడా మూసినట్టే. మళ్లీ రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు అవసరమయ్యేసరికి 1941లో మహర్ రెజిమెంటు, 1943లో చమార్ రెజిమెంటు వచ్చినయి. యుద్ధం అయిపోయినంక 1946లో చమార్ రెజిమెంటును రద్దు చేసిన్రు. మహర్ రెజిమెంటు నేటికీ ఉన్నది. జాట్, రాజ్‌పుత్, డోగ్రా పేర్లతో రెజిమెంట్లు నడిచే సైన్యంలో కులం లేదంటే ఎట్ల నమ్మాలె?

అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 ఉండాలె. ట్రేడ్స్‌మెన్‌లో కొన్ని పనులకు ఎనిమిది చాలు. 2023 నుంచి ముందు కంప్యూటర్ పరీక్ష, ఆ తర్వాతే రన్నింగ్. నాలుగేండ్ల కొలువు, అందులోంచి 25 శాతం దాకా మందినే ఉంచుకుంటరు. దీని మీదనే 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు కాలినయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు యువకుడు ఒకరు చనిపోయాడు. 21 ఏండ్లకు పోయి 25 ఏండ్లకు ఇంటికొచ్చేవానికి ఇంటికాడ రెండెకరాలుంటే ఒక తీరు, ఏమీ లేకుంటే ఒక తీరు. అందుకే మేము చెప్పేది: దళిత యువకులకు జి.డి. కానిస్టేబుల్ పరీక్ష మొదటి దారి, అగ్నివీర్ రెండో దారి కావాలె. పల్లెల్లో ఇది తలకిందులుగా ఉన్నది.

ఎత్తు సంగతి కూడా చూడాలె. తెలంగాణ అబ్బాయికి సైన్యంలో 166 సెంటీమీటర్లు, రాష్ట్ర పోలీసులో 167.6, కేంద్ర బలగాల్లో 170. ఒకే మనిషి ఒకచోట పొడుగు, ఇంకోచోట పొట్టి. కేంద్ర బలగాల్లో ఎస్టీలకు 162.5, మరాఠాలకు, డోగ్రాలకు, గఢ్వాలీలకు 165. దళితులకు ఏ సడలింపూ లేదు. గడ్క తాగి, తల్లి కడుపులోనే సగం ఆకలితో పెరిగిన ఒళ్లు కొండజాతి ఒళ్లు కాదు గనుక దాని పొట్టితనం ఎవరి లెక్కలోకీ రాదు. రెండు సెంటీమీటర్లతో పోయినవాళ్లను అడిగితే తెలుస్తది.

తయారీ గురించి ఎక్కువ చెప్పం, బజార్లో చెప్పేవాళ్లు మస్తుగున్నరు. అశోక్‌నగర్ పోతేనే కొలువొస్తదనే నమ్మకం గ్రూప్-1, 2 లకు కొంత నిజం కావచ్చు. కానిస్టేబుల్ స్థాయి పరీక్షలకు అది అప్పు చేసి కొనుక్కునే ధైర్యం మాత్రమే. జి.డి. పరీక్షలో 80 ప్రశ్నలు, 160 మార్కులు, గంట సమయం. రీజనింగ్, జనరల్ నాలెడ్జి, లెక్కలు, భాష, తలా 20. లెక్కలు పదో తరగతి లోపలివే. ఆరు నుంచి పది దాకా సర్కారు పుస్తకాల్లోని శాతాలు, నిష్పత్తులు, కాలం-పని, వడ్డీ మళ్లీ మళ్లీ చేస్తే పునాది పడ్డట్టే. 2024 జనవరి నుంచి ఈ పరీక్ష తెలుగులో కూడా పెడుతున్నరు. అంతకుముందు హిందీ, ఇంగ్లీషే. హిందీ రాష్ట్రాలవాడు అమ్మ భాషలో రాస్తుంటే మనవాడు ప్రశ్న అర్థం చేసుకోవడానికే సగం గంట పోగొట్టుకునేది. ఇప్పటికీ భాష కింద ఉన్న 20 ప్రశ్నలు హిందీ లేదా ఇంగ్లీషులోనే ఉంటయి, దానికి వేరేగా కూర్చోవాలె. జి.డి.లో అబ్బాయిలకు 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు, అమ్మాయిలకు ఎనిమిదిన్నర నిమిషాల్లో 1.6 కిలోమీటర్లు. అది పాసయితే చాలు, మార్కులు లేవు. సైన్యంలో పరుగుకు మార్కులుంటయి. దేనికి పోతున్నమో తెలిసి ఉరకాలె.

అమ్మాయిల సంగతి వేరు. బీడీలు చేసే ఇంట్లో ఆడపిల్ల చేతులు ఖాళీగా ఉండవు. వెయ్యి బీడీలు అప్పజెప్పినంకనే పుస్తకం. తెల్లారక ముందు ఊరి రోడ్డు మీద ప్యాంటు వేసుకొని ఉరికితే, అదీ మాదిగవాడ పిల్ల ఉరికితే, ఊరు ఏమంటదో మళ్లీ చెప్పాలెనా? తల్లికి బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉంటే కేంద్ర కార్మిక శాఖ పిల్లల చదువుకు ఉపకార వేతనం ఇస్తది, అది అడిగి తీసుకోవాలె. 2021లో సుప్రీంకోర్టు జోక్యంతో ఎన్.డి.ఎ. ఆడపిల్లలకు తెరుచుకున్నది. అబ్బాయిలకు చొప్పదండి మండలం రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకులాల సైనిక పాఠశాల ఉన్నది, జగిత్యాలకు దూరమేం కాదు.

అన్నీ గెలిచినంక వచ్చేది పోలీసు విచారణ. మొదట్లో చెప్పిన చరిత్ర ఇక్కడ ఎదురొస్తది. కొలువు వచ్చినవాళ్లతో ఒక ధ్రువీకరణ పత్రం నింపిస్తరు. ఎప్పుడన్న అరెస్టయినవా, కేసు నడిచిందా, బైండోవర్ అయినవా, జరిమానా పడ్డదా, శిక్ష పడ్డదా, ఇప్పుడేమన్న కేసున్నదా అని అడుగుతరు. మా ప్రాంతంలో అన్నల ఉద్యమ కాలంలో ఒక ఇంటి మీద పడ్డ పోలీసు నిఘా ఆ ఇంట్ల పిల్లల కొలువుల మీద కూడా పడ్డది. ఆ కాలం పోయినా కేసులు పోలేదు. వాడమీద దాడి జరిగి అట్రాసిటీ కేసు పెడితే, మరునాటికి అవతలివాళ్ల కౌంటరు కేసు తయారుగా ఉంటది, అందులో వాడలో చదువుకున్న పోరగాండ్ల పేర్లే ముందుంటయి. పండుగలకో, ఎన్నికలకో తాసిల్దారు ముందర బైండోవర్ చేస్తరు. పాత 107 సెక్షను, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 126. పోరగాండ్లు దాన్ని కేసే కాదనుకుంటరు, పత్రంలో "లేదు" అని రాస్తరు. 2017 జూలైలో సిరిసిల్ల జిల్లా నేరెళ్లలో ఇసుక లారీ కింద పడి మనిషి చనిపోతే లారీలు తగలబడ్డయి. పట్టుకపోయిన యువకుల్లో దళితులున్నరు. వాళ్లను స్టేషన్లో చిత్రహింసలు పెట్టిన్రన్న ఆరోపణల మీద రాష్ట్రమంతా అట్టుడికింది. ఒళ్లు మీది దెబ్బల గురించి అందరం మాట్లాడినం. ఇసొంటి ఒక్క ఎఫ్.ఐ.ఆర్. ఒక వాడలో ఎంతమంది కొలువు దారికి అడ్డం పడుతదో లెక్క తీసినవాళ్లు లేరు.

కేసు ఉన్నంత మాత్రాన కొలువు పోదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇది: చిన్న కేసయి, దాచిపెట్టినా అధికారి దాన్ని మన్నించవచ్చు, నిజం చెప్పినా కేసు స్వభావాన్ని బట్టి అధికారి పరిశీలించుకోవచ్చు, పెద్ద కేసును దాచిపెడితే మాత్రం అదే ఒక కారణంగా తీసేయవచ్చు. అంటే దాచుడు చాలాసార్లు కేసుకంటే ప్రమాదం. ఇంకో మెలిక ఉన్నది. ఊరి పెద్దమనుషులు రాజీ చేసి, సాక్షులు మాట మార్చి, కేసు కొట్టివేయించుకుంటే అయిపోయిందనుకుంటరు. 2013లో మెహర్ సింగ్ కేసులో, అట్లా రాజీతోనూ, సాక్షులు ఎదురుతిరగడంతోనూ విడుదలైన అభ్యర్థిని పోలీసు కొలువుకు తీసుకోకపోవడం తప్పు కాదన్నది కోర్టు. కాబట్టి కౌంటరు కేసులో పోరగాండ్ల పేర్లున్నప్పుడు రాజీకి తొందరపడకముందు, ఆ కేసు దర్యాప్తు దశలోనే అబద్ధమని తేలేటట్టు వకీలుతో కొట్లాడాలె. ఎఫ్.ఐ.ఆర్. నంబరు, ఏడాది, స్టేషను పేరు, కోర్టులో కేసు నంబరు, తీర్పు నకలు, బైండోవర్ అయితే దాని ఉత్తర్వు నకలు, అది ఏ తేదీతో ముగిసిందో ఆ వివరం, ఇవన్నీ పదో తరగతి మెమో పెట్టిన సందుగులోనే పెట్టుకోవాలె.